చొక్కా విప్పించి చూసేవాళ్ళం

మా రోజుల్లో చర్మాన్ని కళ్ళతో చూసేవాళ్ళు, వేలితో తాకేవాళ్ళు, నయమయ్యేదాకా ఆగేవాళ్ళు. ఇప్పుడు చూసే నాథుడూ లేడు, ఆగే ఓపికా లేదు. నాన్చకుండా నా ఫిర్యాదు ముందే చెప్పేశాను. చాదస్తం అని కొట్టిపారేసే ముందు చివరిదాకా వినండి.

ఇవాళ నడుం దగ్గర దురద పుట్టినవాడు ఏం చేస్తున్నాడు? కొన్నాళ్ళు ప్యాంటు మీంచే గోక్కుంటాడు. ఇక తట్టుకోలేక చీకటి పడ్డాక మందుల షాపుకి వెళ్తాడు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "దురదకి ఏదైనా ఇయ్యి తమ్ముడూ" అంటాడు. దురద ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఆ కుర్రాడు అడగడు. వెనక్కి చెయ్యి చాపి ఒక ట్యూబు తీసిస్తాడు. చదువుకున్నవాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళారు. బాత్‌రూము లైటు కింద సెల్‌ఫోనుతో ఫొటో తీసి తెలిసినవాళ్ళకి వాట్సాప్‌లో పంపుతారు. అవతలి నుంచి నిమిషంలో మందు పేరు వస్తుంది. ఆ ఫొటోలో రంగు ఉన్నదున్నట్టు కనిపించదు, పొట్టు లేస్తోందో లేదో తెలియదు. అక్కడ స్పర్శ ఉందో లేదో ఏ కెమేరా చెబుతుంది?

నేను 1970ల చివర్లో కుష్టు నివారణ పథకంలో పారామెడికల్ వర్కరుగా చేరాను. మేం తిరిగిన విజయనగరం ప్రాంతం అప్పటికి ఇంకా విడి జిల్లా కాలేదు. 1979 జూన్‌లో అయింది. ఊరూరా, ఇంటింటికీ తిరిగి మనుషుల చర్మం చూడటమే మా పని. దానికో పద్ధతి ఉండేది. పొద్దున వెలుతురు బాగా వచ్చాక మనిషిని వాకిట్లో నిలబెట్టేవాళ్ళం. చొక్కా, బనీను విప్పించేవాళ్ళం. ముందు ముఖం, చెవి తమ్మెలు. తర్వాత మెడ, ఛాతీ, చేతులు. వెనక్కి తిప్పి వీపు, నడుం. చివరికి కాళ్ళు, అరికాళ్ళు. ఆడవాళ్ళని లోపలి వసారాలో మాతో వచ్చిన నర్సమ్మ చూసేది. ఎవరి వీపు వాళ్ళకి కనిపించదు కాబట్టి మచ్చ ఉన్న సంగతి చాలామందికి మేం చెబితేనే తెలిసేది.

మచ్చ కనబడగానే మందు రాసేసేవాళ్ళం కాదు, పరీక్ష చేసేవాళ్ళం. మనిషిని కళ్ళు మూసుకోమని, దూది కొసని సన్నగా మెలిపెట్టి చర్మానికి ఆనించేవాళ్ళం. ఎక్కడ తగిలిందో వేలితో చూపించాలి. మంచి చర్మం మీద టక్కున చూపించిన మనిషి, మచ్చ మీద ఆనించినప్పుడు కదలకుండా ఊరుకుంటే మాకు సంగతి అర్థమయ్యేది. తర్వాత మోచేతి వెనక నరాన్ని వేళ్ళతో పట్టి, లావెక్కిందా, నొక్కితే నొప్పెడుతుందా అని చూసేవాళ్ళం. పుండ్లు పడినవాళ్ళని, వేళ్ళు వంకరపోయినవాళ్ళని సాలూరులో లెప్రసీ మిషన్ వాళ్ళ ఫిలడెల్ఫియా ఆస్పత్రికి పంపేవాళ్ళం. "దురద లేదు, నొప్పి లేదు, మందెందుకు బాబూ?" అని అడిగేవాళ్ళు జనం. "నొప్పి తెలియకపోవడమే జబ్బు తల్లీ" అని ఎన్ని వాకిళ్ళలో చెప్పామో!

ఆ చూపు వల్ల మాకు మచ్చకీ మచ్చకీ తేడా తెలిసింది. ఇప్పుడు తెల్లమచ్చ అనగానే అన్నిటికీ ఒకటే భయం, ఒకటే ట్యూబు. తెల్లమచ్చలు ఎన్ని రకాలో వినండి. ఛాతీ మీద, వీపు మీద, భుజాల మీద చిన్నచిన్నగా మొదలై కలిసిపోయేది శోభి. గోటితో మెల్లగా గీకితే సన్నటి పొట్టు రాలుతుంది. మలసీజియా అనే ఈస్టు దానికి కారణం. అది మనందరి ఒంటి మీదా ఉండేదే. చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు చెలరేగి, రంగు తయారుచేసే కణాల పనిని అడ్డుకుంటుంది. మందు రాసి ఈస్టుని చంపినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు మందు పనిచేయలేదని ఇంకో ట్యూబు కొంటారు. పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు ఇంకొకటి. కడుపులో నులిపురుగులని అమ్మమ్మలు అనేవాళ్ళు, ఇప్పటికీ అంటున్నారు. పురుగులకీ దానికీ సంబంధం లేదు. అది చర్మం పొడిబారి వచ్చే తేలికపాటి ఎగ్జిమా. ఏ వాసనా లేని సాదా క్రీము రాస్తూ ఎండ తగ్గిస్తే దానంతట అదే పోతుంది.

బొల్లి వేరు. అక్కడ రంగు కణాలే చచ్చిపోతాయి. సొంత ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాటి మీద తిరగబడుతుంది. మచ్చ పూర్తిగా తెల్లగా ఉంటుంది, ఒక్కోసారి దాని మీది వెంట్రుకా తెల్లబడుతుంది. కానీ స్పర్శ చెక్కుచెదరదు, ఎవరికీ అంటుకోదు. కుష్టు మచ్చ ఎప్పుడూ అంత తెల్లగా ఉండదు. చుట్టూ ఉన్న రంగు కంటే కొంచెం పాలిపోయి గాని, ఎర్రగా గాని ఉంటుంది. దాని మీద చెమట పట్టదు, వెంట్రుకలు పలచబడతాయి, దూది ఆనితే తెలియదు. ఒక దూది ముక్కతో, రెండు నిమిషాల్లో తేలే విషయం ఇది. ఆ రెండు నిమిషాలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. పెళ్ళిచూపుల దాకా వచ్చిన సంబంధాలు బొల్లిని కుష్టనుకుని వెనక్కి పోవడం నేను చూశాను. బొల్లి అనుకుని ఏళ్ళ తరబడి చెట్టుమందులు రాసి, చివరికి చేతివేళ్ళు వంకరపోయాక కుష్టని తెలిసినవాళ్ళనీ చూశాను.

శిక్షణలో మా డాక్టరుగారు తొలి పాఠంగా బోర్డు మీద చర్మం బొమ్మ గీయించారు. జబ్బు ఏ పొరలో ఉందో తెలియనివాడు మందు ముట్టుకోకూడదనేవారు. పెద్ద మనిషి ఒంటి చర్మం పరిస్తే 1.5 నుంచి 2 చదరపు మీటర్లు వస్తుంది. అందులో పైపొర ఎపిడెర్మిస్. కనురెప్ప మీద అది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం, అరికాలిలో మిల్లీమీటరున్నర దాకా ఉంటుంది. ఆ పొర అడుగున కణాలు పుడతాయి. పుట్టిన ప్రతి కణం మెల్లగా పైకి జరుగుతూ, చదునవుతూ, చచ్చి గట్టిపడి, చివరికి పొట్టుగా రాలిపోతుంది. అడుగు నుంచి పైకి రావడానికి సుమారు రెండు వారాలు, రాలిపోవడానికి మరో రెండు వారాలు. సోరియాసిస్‌లో ఇదంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది కాబట్టే పొలుసులు పొలుసులుగా లేస్తుంది. చచ్చిన కణాల ఆ పైవరసలు ఇటుకలైతే, వాటి మధ్య కొవ్వు సున్నం; రెండూ కలిసి గోడ. నీరు లోపలినుంచి ఆవిరైపోకుండా, సూక్ష్మజీవి బయటినుంచి చొరబడకుండా ఆపేది ఆ గోడే.

పైపొర అడుగునే రంగు తయారుచేసే మెలనోసైట్లు ఉంటాయి. ఒక్కో మెలనోసైటు చుట్టూ ఉన్న ముప్ఫై, నలభై కణాలకి మెలనిన్ పంచుతుంది. నల్లవాడిలోనూ తెల్లవాడిలోనూ ఆ కణాల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా అవి చేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదానిలోనే. దాని కింద డెర్మిస్. కొల్లాజెన్ పీచు, రక్తనాళాలు, నరాల కొసలు, వెంట్రుకల కుదుళ్ళు, చెమట గ్రంథులు అన్నీ అక్కడివే. చెమట గ్రంథులు ఒంటి మీద 20 నుంచి 40 లక్షలుంటాయి. ఇంకా కింద కొవ్వు పొర. ఈ బొమ్మ మేం తిండి మానేసి నేర్చుకున్నాం. ఎందుకంటే తామర బూజు పైనున్న చచ్చిన పొరలోనే బతుకుతుంది, గజ్జి పురుగు అందులోనే సొరంగం తవ్వుతుంది, బొల్లి పైపొర అడుగున వస్తుంది, కుష్టు క్రిమి డెర్మిస్‌లోని నరాల్లో కూర్చుంటుంది. నాలుగు జబ్బులు, మూడు చోట్లు. నాలుగింటికీ ఒకే ట్యూబు ఎలా పనిచేస్తుంది?

చర్మం మారడానికి నాలుగు వారాలు పడుతుందన్న ఆ ఒక్క లెక్క జనం గుర్తుపెట్టుకున్నా నా గొడవ సగం తీరేది. చర్మానికి రాసే ఏ మందైనా వారంలో తీర్పు చెప్పదు. మా రోజుల్లో సర్కారు దవాఖానాలో ఇచ్చే మందులు చూడటానికి బాగుండేవి కావు. తామరకి వైట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్: బెంజోయిక్ ఆమ్లం 6 శాతం, సాలిసిలిక్ ఆమ్లం 3 శాతం. ఒకటి బూజు పెరగకుండా ఆపుతుంది, ఇంకొకటి బూజు పట్టిన పైపొట్టుని ఊడగొడుతుంది. రాస్తే చుర్రుమనేది, బట్టకి అంటేది. కాంపౌండరుగారు దాన్ని చిన్న డబ్బాలో పెట్టిచ్చి, "మచ్చ పోయినట్టు కనబడినా ఇంకో రెండు వారాలు రాయాలి" అని చెప్పేవారు. ఊళ్ళో మెట్ట తామర ఆకు నూరి రాసేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఆ ఆకులో బూజుని అణిచే గుణం నిజంగానే ఉంది. ఇవేవీ రాత్రికి రాత్రి దురద ఆపేవి కావు. కానీ జబ్బుని దాచిపెట్టేవి కూడా కావు. ఎరుపు తగ్గిందంటే బూజు తగ్గినట్టే.

ఇప్పటి ట్యూబులో ఉన్నది వేరే సరుకు. చాలావాటిలో బూజుని చంపే మందొకటి, బ్యాక్టీరియాని చంపే మందొకటి, వాటితోపాటు క్లోబెటాసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ ఒకటి కలిపి ఉంటాయి. స్టెరాయిడ్‌ని నేను తిట్టడం లేదు. 1952లో హైడ్రోకార్టిసోన్ పైపూతగా వాడటం మొదలయ్యాక ఎగ్జిమాతో నిద్రలేక ఏడ్చిన ఎందరికో అది ప్రాణం పోసింది. చర్మవైద్యుడి చేతిలో, సరైన జబ్బుకి, సరైన చోట, లెక్కపెట్టిన రోజులు వాడితే అది గొప్ప మందు. కానీ క్లోబెటాసాల్ బలం ఆ హైడ్రోకార్టిసోన్ కంటే వందల రెట్లు ఎక్కువ. అది చేసే పని చర్మంలోని రక్షణ వ్యవస్థని నిద్రపుచ్చడం. తామర మీద రాస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఎరుపు పోతుంది. అబ్బ, ఎంత మంచి మందో అనుకుంటాడు మనిషి. అడ్డుకునేవాడు నిద్రపోయాడు కాబట్టి అడుగున బూజు హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే రెట్టింపు మచ్చతో తిరిగొస్తుంది. మళ్ళీ ట్యూబు. అలా నెలలు గడిచేసరికి నడుం నుంచి పొట్ట మీదికి, తొడల మీదికి, ఇంట్లో ఆడవాళ్ళకి, చంటిపిల్లలకి పాకుతుంది. అంచు ఎర్రగా, మధ్యలో తేటగా ఉండే అసలు రూపం చెదిరిపోయి, తీరా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తే ఆయనకే గుర్తుపట్టడం కష్టమవుతుంది.

ఇంకో సంగతి. మందు ఒంట్లోకి ఇంకడం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో హైడ్రోకార్టిసోన్‌తోనే కొలిచి చూపించారు. ముంజేతి చర్మంలోంచి ఒక వంతు ఇంకితే, నుదుటిలోంచి 6 వంతులు, వృషణాల చర్మంలోంచి 42 వంతులు ఇంకింది. మన మగవాళ్ళు చీకట్లో కొనుక్కొచ్చి ఈ ట్యూబు రాసుకునేది గజ్జల్లోనే కదా! గజ్జల్లో తొడల మీద ఊదారంగు చారలు పడి, చర్మం పలచబడి, గీరితే నెత్తురొచ్చే స్థితిలో ఉన్న పాతికేళ్ళ కుర్రాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ చారలు ఇక జీవితంలో పోవు. డెర్మిస్‌లో తెగిన పీచుని ఏ క్రీమూ అతకదు.

ఈ నిర్లక్ష్యానికి ప్రపంచం ఇప్పుడు మూల్యం చెల్లిస్తోంది. ఎప్పుడూ చూసే తామర బూజుల్ని పక్కకి నెట్టి మన ఉపఖండంలో కొత్త రకం ఒకటి పుట్టుకొచ్చింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు ఆ బూజు పేరులోకి ఎక్కింది. గర్వపడాల్సిన విషయమా ఇది? తామరకి పెద్ద దిక్కుగా ఉన్న టెర్బినఫిన్ బిళ్ళ కూడా చాలామందిలో దాని మీద పనిచేయడం లేదు. 2023 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ న్యూయార్క్‌లో అలాంటి రెండు కేసులు బయటపెట్టింది. వాళ్ళలో ఒకామె అసలు విదేశాలకే వెళ్ళలేదు. అక్కడున్న పిల్లలకి ఆవకాయ సీసాలతోపాటు మన తల్లిదండ్రులు ఈ ట్యూబులూ సర్ది పంపుతున్నారు. అక్కడ చీటీ లేకుండా ఇవ్వరని ఇక్కడ కొని పంపుతారు. ఎందుకివ్వరో ఒక్కసారి ఆలోచించరు.

ముఖం సంగతి చెబితే ఇంకా బాధ. మా వీధిలో ఒకమ్మాయి పెళ్ళి కుదిరిందని, రంగు తేలాలని, స్నేహితురాలు చెప్పిన ట్యూబు రాసుకుంది. నెలలోపు ముఖం తేటగా, నున్నగా అయింది. పెళ్ళయ్యాక ఆపేసింది. ఆపిన వారానికి ముఖమంతా ఎర్రబడి, మండిపోయి, మొటిమలు లేచి, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు బయటపడ్డాయి. గడ్డం మీద నూగు వెంట్రుకలు కూడా మొలిచాయి. ఎండలోకి వెళ్ళలేదు, పొయ్యి దగ్గర నిలబడలేదు. "తాతగారూ, ఇది మళ్ళీ రాసుకుంటే తగ్గుతోంది, మానితే వస్తోంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పిల్లది ఒంటరి కథ కాదు. 2011లో మన దేశంలో 12 చర్మవైద్య కేంద్రాల్లో చేసిన సర్వే ఫలితాలు అచ్చయ్యాయి. ముఖం జబ్బుతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్ళే. ప్రతి ఏడుగురిలో ఒకరన్నమాట.

రంగు గురించి నాకొక జ్ఞాపకం ఉంది, అది ఈ తరం వినాలి. 1980ల్లో కుష్టుకి మూడు మందుల చికిత్స వచ్చింది: రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్. అందులో క్లోఫాజిమిన్ వేసుకుంటే ఒళ్ళు నల్లబడుతుంది, ముఖ్యంగా మచ్చలున్న చోట. ఆ నలుపు చూసి ఊళ్ళో గుర్తుపడతారని పెళ్ళి కావలసిన ఆడపిల్లలు వణికిపోయేవాళ్ళు. వాళ్ళ పక్కన కూర్చుని, మందు ఆపాక కొన్ని నెలలకి నలుపు విరిగిపోతుంది, వేళ్ళు మాత్రం పోతే తిరిగి రావు అని నచ్చజెప్పేవాళ్ళం. వాళ్ళు విన్నారు. అప్పట్లో రెండేళ్ళ కోర్సు. నలుపుతో, నలుగురి చూపులతో రెండేళ్ళు ఓర్చుకుని, కోర్సు ముగించి, నయమై, పెళ్ళిళ్ళు చేసుకుని, మనవల్ని ఎత్తారు. ఆ ఓర్పుని కళ్ళారా చూసినవాణ్ణి. ఉన్న రంగుకి ఏ జబ్బూ లేని పిల్లలు పెళ్ళి ఫొటోల కోసం చర్మాన్ని కాల్చుకుంటుంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? మన మెలనిన్ మనకి ఎండ నుంచి కాపు. దాన్ని లోపమని చెప్పి సొమ్ము చేసుకునేవాళ్ళ మాట వింటున్నాం.

గజ్జి విషయంలో అయితే మా రోజుల పద్ధతే సరైనదని బల్ల గుద్ది చెబుతాను. ఆడ పురుగు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. పైపొట్టులో సొరంగం తవ్వి రోజుకి రెండు మూడు గుడ్లు పెడుతుంది. తొలిసారి సోకినవాళ్ళకి దురద పుట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ఇంట్లో ఒకడు గోక్కుంటున్నాడంటే, గోక్కోని మిగతావాళ్ళ ఒంటి మీద కూడా పురుగు ఉండే ఉంటుంది. అందుకే మేం బెంజైల్ బెంజోయేట్ లోషన్ సీసా పట్టుకెళ్ళి ఇంటిల్లిపాదినీ ఒకే రోజు నిలబెట్టి మెడ నుంచి అరికాలి దాకా రాయించేవాళ్ళం. ముసలమ్మనీ వదిలేవాళ్ళం కాదు. బట్టలు, దుప్పట్లు అన్నీ ఉడకబెట్టించేవాళ్ళం. ఇప్పుడు పెర్మెత్రిన్ క్రీము వచ్చింది, అంతకంటే మేలైన మందు, మంట తక్కువ. కానీ హాస్టలు కుర్రాడు ఒక్కడే రహస్యంగా రాసుకుంటాడు, అదీ దురద ఉన్నచోటే. పక్క మంచం వాడికి చెప్పడానికి సిగ్గు. వారం తర్వాత రెండోసారి రాయాలన్నది ఎవరూ చెప్పరు. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుందని తెలియక, మధ్యలో స్టెరాయిడ్ ట్యూబు పులుముతాడు. హాస్టలు హాస్టలంతా గోక్కుంటూనే ఉంటుంది.

రోజువారీ అలవాట్లూ అలాగే తయారయ్యాయి. వేసవిలో చెమటకాయలొస్తే తాటిముంజల నీళ్ళు రాసి, పలచటి నూలు బట్ట కట్టి, గాలి తగిలేచోట పడుకోబెట్టేవాళ్ళు. చెమటనాళం మూసుకుపోవడం వల్ల వచ్చే పొక్కులవి. చల్లబడితే వాటంతట అవే ఆరిపోతాయి. ఇప్పుడు మే నెలలో ఒంటికి అతుక్కునే జీన్సు, లెగ్గిన్సు. చెమట ఆరే దారి లేదు. బూజుకి అంతకంటే ఏం కావాలి? స్నానానికి సున్నిపిండి పోయింది. చర్మం పైభాగం స్వతహాగా ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5 చుట్టుపక్కల. మామూలు సబ్బుది 9, 10. రోజుకి రెండుమూడుసార్లు సబ్బుతో తోమి, పైన గరుకు పీచుతో రుద్ది, చలికాలంలో పొగలొచ్చే వేణ్ణీళ్ళు పోసుకుంటే ఇటుకల మధ్య సున్నమని చెప్పిన ఆ కొవ్వు నిలుస్తుందా? కాళ్ళు పగిలాయని, ఒళ్ళు దురదని మళ్ళీ షాపుకే పరుగు. స్నానమయ్యాక తడి ఆరకముందే కాస్త కొబ్బరినూనె రాసుకోవడానికి ఏం వచ్చింది? ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఆమ్లాలున్న సీరములు కొని ముఖానికి పూసుకుంటున్నారు. ఏ లోపం లేని చర్మాన్ని ఊడగొట్టుకోవడానికి తల్లిదండ్రులు డబ్బులిస్తున్నారు.

మా కాలం అంతా బంగారమని నేను అనను. మా పెద్దల తరంలో ఇంటికొకరి ముఖం మీద మశూచి గుంటలుండేవి. 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు లేదంటే టీకాలు వేసినవాళ్ళ చలవే. దద్దుర్లకి వాతలు పెట్టేవాళ్ళు, పుండు మీద పేడ పెట్టేవాళ్ళు. కుష్టు వచ్చినవాళ్ళని ఊరవతల పాకల్లో పడేసేవాళ్ళు. వాళ్ళని నిర్బంధించడానికి 1898లో తెల్లవాళ్ళు చేసిన చట్టం రద్దవడానికి 2016 దాకా పట్టింది. కుష్టుని విడాకులకి కారణంగా చూపే వీలుని 2019లో గానీ తీసేయలేదు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ నూరేళ్ళకి పైగా కిందట ఆస్పత్రి పెట్టి, ఎవరూ ముట్టని మనుషుల పుండ్లు కడిగింది. అంతటివాళ్ళు వేసిన దారి మాది. మాకు సాధనాలు తక్కువ, మందులు తక్కువ, తెలిసింది తక్కువ. చూడటం మాత్రం మానలేదు.

ఇప్పుడు మందులున్నాయి, పరీక్షలున్నాయి, చర్మవైద్యులు పట్టణం పట్టణానా ఉన్నారు. కుష్టుకి తక్కువ మచ్చలుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది మందు, అదీ ఉచితం. 2005 చివరికి పదివేల మందికి ఒకటి కంటే తక్కువ కేసుల స్థాయికి వచ్చామని దేశం ప్రకటించుకుంది. ఆ ప్రకటన విని అందరూ చేతులు దులుపుకున్నారు. ఇంటింటి చూపు ఆగిపోయింది. మా ఉద్యోగాల్ని వేరే పనుల్లో కలిపేశారు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశానివే. 2016 నుంచి మళ్ళీ ఇంటింటి సర్వేలు మొదలుపెట్టారు, ఆశా అమ్మాయిలు తిరుగుతున్నారు. వాళ్ళకి నా దణ్ణం. తలుపు దగ్గరే "మచ్చలేమైనా ఉన్నాయా?" అని అడిగి రాసుకుని వెళ్ళిపోకండమ్మా. లోపలికి రండి, వెలుతురులో చూడండి. మచ్చ ఉందని దాని యజమానికే తెలియదు.

స్టెరాయిడ్ పైపూతల మీద కూడా చట్టం లేకపోలేదు. చర్మవైద్యుల సంఘం ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. మన సందు చివరి షాపులో చీటీ ఎవరడుగుతున్నారు? డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈ ట్యూబుల్ని తనిఖీ చేయాలి. షాపుల్లో ఫార్మసిస్టు అన్న పేరు గోడ మీద సర్టిఫికెట్టుగా కాకుండా కౌంటరు వెనక మనిషిగా ఉండాలి. డాక్టర్లు బట్ట తొలగించి చూడకుండా చర్మానికి మందు రాయకూడదు. ఇవి నేను అడిగే గొంతెమ్మ కోరికలు కావు. చదువుకునే రోజుల్లో వాళ్ళు నేర్చుకున్నవే.

మీరు చేయవలసింది కూడా చెబుతాను. ట్యూబు చేతిలోకి తీసుకోగానే వెనక అచ్చువేసిన మందుల పేర్లు చదవండి. క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్ అని ఏది కనబడినా, డాక్టరు చూసి రాయకపోతే తిరిగిచ్చేయండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేసి గాభరా పడకండి. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళి ఎలా తగ్గించాలో అడగండి. తామరకి మందు మొదలుపెడితే డాక్టరు చెప్పినన్నాళ్ళు, దురద పోయాక కూడా వాడండి. తువ్వాళ్ళు, లోదుస్తులు వేరుగా ఉతికి ఎండలో ఆరేయండి; తడిసిన మొలతాడు మందు వాడే ఆ రోజుల్లోనైనా తీసేయండి. ఇంట్లో ఒకరికి గజ్జి వస్తే అందరూ ఒకే రోజు మందు రాసుకోండి. నెలకోసారి పట్టపగలు పిల్లల వీపు చూడండి, మీ వీపు ఇంట్లోవాళ్ళకి చూపించండి. పాలిపోయిన మచ్చ గాని, ఎర్రటి మచ్చ గాని కనబడితే కళ్ళు మూసుకోమని దూది ఆనించి చూడండి. తెలియలేదన్నారా, ఇక ఏ ట్యూబూ రాయకుండా ఆ రోజే ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మందు ఉచితం, జబ్బు నయమవుతుంది, చేయి వంకరపోదు. ఆలస్యం చేస్తే మాత్రం చచ్చిన నరాన్ని ఏ మందూ తిరిగి బతికించలేదు.